బేస్‌మెంట్ చెమ్మ: డీహ్యుమిడిఫైయర్ కొనే ముందు చూడాల్సినవి

ప్రశ్న క్లుప్తంగా: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పాత స్ప్లిట్ లెవెల్ (సగం సగం ఎత్తుల్లో అంతస్తులుండే) ఇల్లు కొన్నారు. సగం బేస్‌మెంట్, మిగతా సగం కింద మట్టి నేల ఉన్న క్రాల్ స్పేస్, అంటే పాకి మాత్రమే వెళ్లగలిగే ఖాళీ. బేస్‌మెంట్‌లోంచి దానికి చిన్న తలుపు ఉంది. జూన్ నుంచి కింద ముక్కిన వాసన. రోజూ కిటికీలు తీసి ఫ్యాన్ పెడుతున్నా తగ్గకపోగా పెరిగింది. వానలు పడ్డాక ఒక మూల గోడ అడుగున తెల్లటి పొడి కనిపిస్తోంది. వచ్చే నెల అమ్మానాన్నలు వస్తున్నారు, కింద గదిలోనే ఉంటారు, నాన్నగారికి ఆస్తమా. రోజుకి 50 పింట్ల (పింట్ అంటే దాదాపు అర లీటరు) నీరు లాగే డీహ్యుమిడిఫైయర్ కొంటే సరిపోతుందా, లేక వాటర్‌ప్రూఫింగ్ కంపెనీ చెప్పినట్టు నేలంతా తవ్వించాలా అని అడిగారు.

నేను న్యూజెర్సీలో ఇళ్ల ఇన్‌స్పెక్షన్ పని చేస్తాను. మీరు చెప్పిన లాంటి ఇళ్లు చాలా చూశాను. సూటిగా చెప్పాలంటే మీకు డీహ్యుమిడిఫైయర్ కావాలి. తవ్వకాలు అవసరమో కాదో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. అయితే మెషీన్ కొని ప్లగ్‌లో పెట్టేస్తే పని అయిపోదు. అది గాలిలో ఉన్న తేమను మాత్రమే లాగుతుంది. గోడలోంచి ఊరే నీటిని, మట్టిలోంచి లేచే ఆవిరిని, కిటికీలోంచి వచ్చే ఉక్కగాలిని ఆపలేదు. ఆ దారులు తెరిచి ఉన్నంతకాలం మెషీన్ రాత్రీ పగలూ తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, వాసన మాత్రం ఎక్కడికీ పోదు. అందుకే ముందు తేమ ఎటునుంచి వస్తోందో తేల్చుకోవాలి. మీ ఇంట్లో మూడు దారులూ ఉన్నట్టు నాకు అనిపిస్తోంది.

మొదటిది కిటికీలు. వాటిని ఈరోజే మూసేయండి. సెప్టెంబర్ చివరిదాకా తీయకండి.

మన ఊళ్లలో పెరిగిన వాళ్లకి ఇది వింతగానే ఉంటుంది. రాజమండ్రిలోనో ఖమ్మంలోనో వానాకాలం ఇల్లు చెమ్మ పడితే తలుపులు, కిటికీలు బార్లా తీసి ఫ్యాన్ వేస్తాం, ఆరిపోతుంది. అక్కడ గోడలు, నేల దాదాపు బయటి గాలి అంత వెచ్చగానే ఉంటాయి కాబట్టి గాలి ఆడితే తడి ఆరుతుంది. ఇక్కడ బేస్‌మెంట్ గోడలు నేలలోపల ఉన్నాయి. న్యూజెర్సీలో కాస్త లోతుకి వెళ్తే మట్టి ఏడాది పొడవునా 50 డిగ్రీల పైచిలుకులోనే ఉంటుంది (ఫారెన్‌హీట్‌లో చెబుతున్నాను). జూలైలో కూడా మీ బేస్‌మెంట్ కాంక్రీట్ నేల 65 డిగ్రీల దగ్గర ఉండొచ్చు. బయట 85 డిగ్రీల ఎండ, 60 శాతం తేమ ఉందనుకోండి. ఆ గాలి 70 డిగ్రీలకు చల్లబడితే చాలు, దానిలోని ఆవిరి నీరైపోతుంది. అంటే మీరు కిటికీలోంచి ఫ్యాన్‌తో లాగిన గాలి 65 డిగ్రీల నేలను తాకగానే, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా చెమర్చినట్టు, నేలంతా చెమరుస్తుంది. మీరు గాలి ఆడిస్తున్నామనుకుంటున్నారు, నిజానికి నీళ్లు లోపలికి మోస్తున్నారు. ఫ్యాన్ పెట్టినకొద్దీ వాసన పెరిగిందన్నారు కదా, కారణం ఇదే.

ఫోన్‌లో వెదర్ యాప్ తెరిస్తే డ్యూ పాయింట్ అని ఒక అంకె ఉంటుంది, అంటే గాలి ఎన్ని డిగ్రీలకు చల్లబడితే అందులోని ఆవిరి నీరవుతుందో ఆ లెక్క. బయట తేమ శాతం కంటే ఇదే మీకు పనికొచ్చే లెక్క. అది 50 డిగ్రీల లోపు ఉన్న రోజున కిటికీలు తీస్తే లోపల ఆరుతుంది. 60 దాటిన రోజున తీస్తే తడుస్తుంది. మన సెంట్రల్ జెర్సీలో జూలై, ఆగస్టుల్లో 60 దాటిన రోజులే ఎక్కువ.

రెండోది ఆ తెల్లటి పొడి. అది బూజు కాకపోవచ్చు. వేలితో రాసి చూడండి. ఉప్పులా గరగరలాడుతూ, చుక్క నీళ్లు వేస్తే కరిగిపోతే అది గోడలోని లవణం. నీరు కాంక్రీట్‌లోంచో బ్లాకుల్లోంచో లోపలికి వచ్చి ఆరిపోయి, తెచ్చిన ఉప్పుని అక్కడ వదిలేసింది. అంటే ఆ మూల బయటినుంచి నీరు వస్తోందని గోడే చెబుతోంది. బూజైతే మెత్తగా, నూగులా ఉంటుంది, నీళ్లకు కరగదు.

దీన్ని ఖాయం చేసుకోవడానికి డబ్బు ఖర్చులేని పరీక్ష ఒకటుంది. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్‌ని రెండడుగుల చదరం ముక్కలుగా కత్తిరించండి. ఒకటి ఆ తెల్లపొడి ఉన్న మూల గోడకి, ఒకటి ఎదుటి గోడకి, ఒకటి నేలకి అంటించండి. నాలుగు అంచులూ డక్ట్ టేప్‌తో గాలి చొరకుండా మూసేయాలి. గోడ తడిగా ఉంటే టేప్ పట్టదు, ముందు పొడి గుడ్డతో తుడిచి హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టండి. రెండు రోజులు వదిలేయండి. తర్వాత ముందు ఫాయిల్‌కి గది వైపున్న ముఖం మీద వేలితో రాయండి. అక్కడ తడి ఉంటే అది గాలిలోని తేమ చల్లటి గోడ మీద కూడినది, అంటే డీహ్యుమిడిఫైయర్ చేయాల్సిన పని. ఇప్పుడు టేప్ నెమ్మదిగా విప్పి ఫాయిల్ వెనక వైపు చూడండి. అక్కడ చుక్కలు కట్టి ఉంటే నీరు గోడలోంచి వస్తోంది. ఎంత పెద్ద మెషీన్ పెట్టినా దాన్ని ఆపలేదు. రెండు వైపులా తడి ఉంటే రెండు సమస్యలూ ఉన్నట్టే. ఒకసారి నాలుగు రోజులు వాన లేనప్పుడు, ఒకసారి గట్టి వాన పడ్డ మర్నాడు చేయండి. రెండిటికీ తేడా కనిపిస్తే వాన నీరే కారణమని తేలిపోతుంది.

వాన నీరని తేలితే మీరు చూడాల్సింది బేస్‌మెంట్ లోపల కాదు, ఇంటి బయట. గొడుగు వేసుకుని వానలోనే ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. పది నిమిషాల్లో కనిపించేది ఎండలో గంట వెతికినా దొరకదు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే సుమారు 620 గ్యాలన్ల నీరు. అదంతా గట్టర్లలోంచి (కప్పు అంచున నీరు పట్టే కాలువలు) రెండో మూడో గొట్టాల్లోకి దిగుతుంది. ఆ గొట్టం సరిగ్గా మీ పునాది పక్కనే, ఒక చిన్న సిమెంట్ పలక మీద వదిలితే ఆ నీరు పోయేది మీ గోడలోకే. తెల్లపొడి ఉన్న మూలకి బయటివైపు గొట్టం దిగుతోందేమో చూడండి. నా అనుభవంలో ఎక్కువసార్లు అక్కడే దిగుతుంది.

గొట్టానికి పొడిగింపు పెట్టి నీటిని కనీసం ఆరడుగులు, వీలైతే పదడుగులు దూరంగా వదలండి. హోమ్ డిపోలోనో లోస్‌లోనో దొరుకుతాయి, పెద్ద ఖర్చేమీ కాదు. గట్టర్లలో ఆకులు తీయించండి. అవి నిండితే నీరు అంచు మీదుగా పొర్లి గోడ పొడవునా పడుతుంది. తర్వాత నేల వాలు. ఇంటినుంచి పదడుగుల దూరానికి ఆరంగుళాలు కిందికి ఉండాలని ఇక్కడి బిల్డింగ్ కోడ్ చెబుతుంది. పాత ఇళ్లలో పునాది పక్కన పూడ్చిన మట్టి ఏళ్ల తరబడి కుంగి, వాలు తిరగబడి ఇంటి వైపే ఉంటుంది. అక్కడ బంకమట్టి వేసి దిమ్మిస చేయించాలి. పూలమొక్కల కోసం వేసే మల్చ్‌తో ఎత్తు చేయకండి, అందులోంచి నీరు నేరుగా కిందికి దిగిపోతుంది. బేస్‌మెంట్ కిటికీల బయట ఉన్న గోతుల్లో నీరు నిలుస్తుంటే ప్లాస్టిక్ మూతలు పెట్టండి. ఇవన్నీ చేసి రెండు గట్టి వానలు చూశాక కూడా ఫాయిల్ వెనక తడి ఉంటే, అప్పుడు లోపలి డ్రెయిన్, సంప్ పంపు (నేలలో తవ్విన గోతిలో చేరిన నీటిని బయటికి తోడేది) గురించి మాట్లాడొచ్చు. అంతకంటే ముందు మీ నేల తవ్వడానికి ఎవరికీ ఒప్పుకోకండి.

మూడో దారి క్రాల్ స్పేస్. మీ వాసనలో పెద్ద వాటా దానిదేనని నా అనుమానం. మీరు దాని గురించి ఒక్క ముక్కే రాశారు కానీ నేను ఎక్కువ రాయాల్సింది దీని గురించే.

టార్చ్, మాస్క్, మోకాళ్లకు ఏదైనా మెత్త కట్టుకుని ఒకసారి లోపలికి వెళ్లండి, లేదా కనీసం ఆ చిన్న తలుపు తీసి పడుకుని చూడండి. పైకి చూస్తే నేల దూలాలు, వాటి మధ్య గులాబీ రంగో పసుపు రంగో ఫైబర్‌గ్లాస్ దూది కనిపిస్తాయి. ఆ దూది కొన్నిచోట్ల ఊడి వేలాడుతోందా? తేమ పట్టి బరువెక్కితే అలాగే జారుతుంది. పై నేలలోంచి కిందికి దిగిన మేకుల మొనల మీద టార్చ్ వేయండి. ఆగస్టులో తడి క్రాల్ స్పేస్‌లో ఒక్కో మేకు కొసన ఒక్కో నీటిబొట్టు మెరుస్తూ ఉంటుంది, దాని చుట్టూ చెక్క మీద తుప్పు మరక, నల్లటి వలయం. ఏసీ గొట్టాలు అటునుంచి వెళ్తుంటే వాటి అడుగు తడుముకోండి, చెమర్చి కారుతూ ఉండొచ్చు. పిన్నులు గుచ్చి చూసే చిన్న మాయిశ్చర్ మీటర్ ఒకటి కొంటే మంచిది. దూలాల్లో 15 శాతం లోపు చూపిస్తే నిశ్చింత. 20 దాటి అలాగే ఉండిపోతే చెక్క పుచ్చిపోవడానికి అనుకూలం.

మీది మట్టి నేల అన్నారు. పైకి పొడిగా కనిపించినా మట్టి నిరంతరం ఆవిరి వదులుతూనే ఉంటుంది. పైగా పాతకాలం పద్ధతి ప్రకారం గోడలకు జాలీలు పెట్టి ఉంటారు, గాలి ఆడి ఆరుతుందని. వేసవిలో అది కూడా మీ బేస్‌మెంట్ కిటికీ చేసే పనే చేస్తుంది. బయటి ఉక్కగాలిని చల్లటి చెక్క మీదికి తెస్తుంది. నార్త్ కరోలినాలో అడ్వాన్స్‌డ్ ఎనర్జీ అనే సంస్థ ప్రిన్స్‌విల్ ఊళ్లో 12 ఇళ్లను తీసుకుని ఈ విషయం పరీక్షించింది. కొన్నిటికి జాలీలు వదిలి, కొన్నిటికి మూసి, నేల కప్పి తేమ కొలిచారు. మూసిన ఇళ్ల కింద వేసవంతా చాలా పొడిగా ఉంది, ఇంటి వేడి, చల్లదనాల ఖర్చూ తగ్గింది. క్యారీ, మోరిస్‌విల్, అట్లాంటా వైపు ఉన్న మనవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు బేస్‌మెంట్ లేకపోయినా కింద క్రాల్ స్పేస్ ఉండే అవకాశం ఎక్కువ, అక్కడి ఉక్క కూడా మాకంటే ఎక్కువ. ఈ భాగం మీకు ఇంకా ముఖ్యం.

ఇంకో సంగతి. ఇంట్లో వెచ్చని గాలి పైకి లేచి అటక సందుల్లోంచి బయటికి పోతూ ఉంటుంది. ఆ ఖాళీ నింపడానికి గాలి కిందినుంచి వస్తుంది, అంటే బేస్‌మెంట్, క్రాల్ స్పేస్‌లలోంచే. చలికాలంలో ఇది మరీ ఎక్కువ. కింద ఉన్న బూజు వాసన పై బెడ్‌రూముల్లో తగిలేది అందుకే. నాన్నగారు కింద పడుకోకపోయినా ఈ గాలి ఆయన పీల్చాల్సిందే.

క్రాల్ స్పేస్‌లో పని వరుస మారకూడదు. నిలిచిన నీరు, పైపుల లీకులు ముందు చూసుకోండి. తర్వాత మట్టిని పూర్తిగా కప్పాలి. కనీసం 6 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మందం ప్లాస్టిక్ షీట్ ఉండాలి. మనిషి పాకాల్సిన చోటు కాబట్టి 10 మిల్‌కి పైన, లోపల దారాల అల్లిక ఉన్నది వేస్తే చిరగదు. అతుకుల దగ్గర అర అడుగుకి తగ్గకుండా ఒకదాని మీద ఒకటి ఎక్కించి టేప్ వేయాలి, గోడల మీదికి కూడా ఎక్కించి బిగించాలి. అయితే గోడ పైన మూడంగుళాలు ఖాళీ వదలాలి. చెదలు పాకితే ఆ పట్టీ మీదే కనిపిస్తాయి, మూసేస్తే చెక్కలోకి వెళ్లేదాకా తెలియదు. ఆ తర్వాతే జాలీలు మూయాలి. మూసే ముందు ఫర్నేస్ గానీ గ్యాస్ వాటర్ హీటర్ గానీ మంటకు కావాల్సిన గాలిని అక్కడినుంచి తీసుకుంటున్నాయేమో ఒక హెచ్‌వీఏసీ (హీటింగ్, ఏసీ పని చేసే) మనిషితో చూపించండి. ఇది దాటేయకండి, ప్రాణాల మీదికి వచ్చే విషయం. మట్టి నేల తెరిచి ఉండగా అక్కడ డీహ్యుమిడిఫైయర్ పెడితే అది మట్టిలోని తడిని లాగుతూనే ఉంటుంది, దానికి అంతు ఉండదు.

కప్పి, మూశాక అక్కడి గాలిని పొడిగా ఉంచే ఏర్పాటు ఒకటి కావాలి. 2018 నుంచి మోడల్ రెసిడెన్షియల్ కోడ్‌లో (రాష్ట్రాలు నమూనాగా తీసుకునే ఇళ్ల నిర్మాణ నియమాలు) డీహ్యుమిడిఫైయర్‌ని కూడా ఒక మార్గంగా ఒప్పుకున్నారు, వెయ్యి చదరపు అడుగులకు రోజుకి 70 పింట్ల లెక్కన. మీది చిన్న క్రాల్ స్పేస్, బేస్‌మెంట్‌లోకి తలుపు ఉందన్నారు కాబట్టి, కప్పి మూశాక ఆ తలుపుకి జాలీ పెట్టి రెండిటినీ ఒకే గదిలా చూడొచ్చు. అప్పుడు బేస్‌మెంట్‌లో ఒకే మంచి మెషీన్ చాలు. క్రాల్ స్పేస్‌కి విడిగా మెషీన్ పెట్టాల్సి వస్తే పొట్టిగా ఉండి, చల్లటి చోట పనిచేసి, కరెంటు పోయి వచ్చాక దానంతటదే మొదలయ్యే క్రాల్ స్పేస్ మోడల్ తీసుకోండి. షీట్ మీద నేరుగా కాకుండా గట్టి పలక మీద సమంగా కూర్చోబెట్టాలి.

ఇక మెషీన్ సంగతి. 50 పింట్లు అంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి, లేకపోతే పాత సలహాలు చదివి గందరగోళపడతారు. 2019 వరకు ఈ మెషీన్లను 80 డిగ్రీల గదిలో పరీక్షించి అంకె వేసేవారు. వెచ్చగాలిలో నీళ్లు ఎక్కువ వస్తాయి కాబట్టి అంకె పెద్దగా ఉండేది. 2019 జూన్ నుంచి ఫెడరల్ నిబంధన ప్రకారం 65 డిగ్రీల దగ్గర పరీక్షించాలి, బేస్‌మెంట్ ఉండేది అలాగే కదా. దాంతో పాత 70 పింట్ల మెషీన్ కొత్త లెక్కలో 50 అయ్యింది, పాత 50 దాదాపు 35 అయ్యింది. కాబట్టి ఇప్పుడు కొత్తగా కొనే 50 పింట్ల మెషీన్ చిన్నదేమీ కాదు, రోజుకి దాదాపు 24 లీటర్లు లాగగలదు. మీలా సగం ఇంటి కింద ఉన్న బేస్‌మెంట్‌కి అదే సరైనది. చిన్నది కొంటే ఆగకుండా తిరుగుతుంది. పెద్దది కొంటే పని త్వరగా ముగించి ఆగుతుంది.

కొనేటప్పుడు ఎనర్జీ స్టార్ (కరెంటు ఆదా చేసే వాటికి ఇచ్చే) గుర్తు చూడండి, పింట్ల కంటే ముఖ్యంగా కిలోవాట్ గంటకి ఎన్ని లీటర్లు తీస్తుందో లేబుల్ మీద చదవండి. ఈ సైజు మెషీన్ సుమారు 500 వాట్లు తీసుకుంటుంది. యూనిట్ 20 సెంట్ల లెక్కన రోజంతా తిరిగితే రెండున్నర డాలర్లకి కాస్త తక్కువ, సగం రోజు తిరిగితే నెలకి 36 డాలర్లు. మొదటి వారం పది రోజులు ఆగకుండా తిరుగుతుంది, టెన్షన్ పడకండి. గాలిలో నీళ్లు తక్కువే ఉంటాయి, అసలు నిల్వ చెక్కలో, అట్టపెట్టెల్లో, కాంక్రీట్‌లో, కార్పెట్‌లో ఉంటుంది. అదంతా బయటికి రావాలి. గది ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కడం కూడా మామూలే.

ఎవరైనా పాత మెషీన్ ఉచితంగా ఇస్తానంటే దాని మోడల్ నంబర్ రీకాల్ జాబితాలో ఉందేమో కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకండి. 2013లో గ్రీ తయారుచేసినవి, 2021లో న్యూ వైడ్‌టెక్ తయారుచేసినవి, మంటలు అంటుకునే ప్రమాదం ఉందని ఒక్కోసారి 20 లక్షలు, అంతకు మించి వెనక్కి పిలిచారు. ఇవి వేరువేరు బ్రాండ్ల పేర్లతో అమ్మినవి కాబట్టి పైన పేరు చూసి తేల్చుకోలేరు. మన సర్కిల్‌లో ఇల్లు మారేవాళ్లు ఇచ్చేసే సామాన్లలో ఇవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

మెషీన్‌ని గోడకి ఆనించకుండా చుట్టూ అడుగు ఖాళీ వదిలి, గది మధ్యకి దగ్గరగా పెట్టండి. బకెట్ మీద ఆధారపడకండి. అది నిండగానే మెషీన్ ఆగిపోతుంది, మీరు ఆఫీసుకో వారం రోజులు ఊరికో వెళ్తే కింద మళ్లీ మొదటికి వస్తుంది. వెనక ఉన్న రంధ్రానికి తోట గొట్టం బిగించి నేల డ్రెయిన్‌లోకో సంప్ గోతిలోకో వాలుగా వదలండి. వాలు దొరక్కపోతే చిన్న కండెన్సేట్ పంపు కొని వాష్‌బేసిన్‌లోకి ఎక్కించండి. ఎక్స్‌టెన్షన్ వైరు వాడకండి, నేరుగా గోడ ప్లగ్‌లోనే పెట్టండి. సంప్ పంపు ఉంటే అది, ఇది ఒకే సర్క్యూట్ మీద ఉండకూడదు. మెషీన్ వల్ల బ్రేకర్ పడిపోతే గట్టి వానలో పంపు ఆగిపోతుంది. ఆ గోతికి గాలి చొరకుండా బిగించే మూత కూడా పెట్టించండి. తెరిచిన గొయ్యి నీటి ఆవిరికీ, నేలలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు రేడాన్‌కీ దారి. రేడాన్ మాట వచ్చింది కాబట్టి, మీరు ఇల్లు కొన్నప్పుడు పరీక్ష చేయించి ఉండకపోతే ఇప్పుడు చేయించండి. లీటరుకి 4 పికోక్యూరీలు, ఆ పైన ఉంటే సరిచేయించాలి. డీహ్యుమిడిఫైయర్‌కి దానితో సంబంధం లేదు, కానీ అమ్మానాన్నలు నెలల తరబడి కిందే ఉంటారు కదా.

తేమ 50 శాతానికి పెట్టండి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా ఇంట్లో 60కి లోపు, వీలైతే 30 నుంచి 50 మధ్య ఉంచమంటుంది. 35కి పెడితే మెషీన్ అరగడం, బిల్లు పెరగడం తప్ప ఏమీ కలిసిరాదు. ఆస్తమా ఉన్న మనిషి గదిలో దుమ్ములో పెరిగే సూక్ష్మ పురుగులు అదుపులో ఉండాలంటే 50 దాటకుండా చూసుకోవాలి. మెషీన్ మీద కనిపించే అంకెని నమ్మకండి, అది దాని పక్కనున్న గాలి సంగతే చెబుతుంది. పది పదిహేను డాలర్ల హైగ్రోమీటర్లు (గాలిలో తేమ కొలిచే మీటర్లు) రెండు కొని ఒకటి నాన్నగారి మంచం దగ్గర, ఒకటి క్రాల్ స్పేస్ వైపు దూరపు మూల పెట్టండి. అవి సరిగ్గా చూపుతున్నాయో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సీసా మూతలో ఉప్పు పోసి తడి ముద్దయ్యేంత నీళ్లు కలిపి, మీటర్‌తో పాటు జిప్ కవర్‌లో మూసి ఒక రాత్రి ఉంచండి. 75 చూపించాలి. 70 చూపిస్తే ఆ మీటర్ అయిదు తక్కువ చూపుతోందని గుర్తుపెట్టుకోండి.

నెలకోసారి ఫిల్టర్ తీసి కడగండి. దుమ్ము పేరుకుంటే లోపలి తీగచుట్టల మీద మంచు కడుతుంది, మెషీన్ తిరుగుతున్నట్టే ఉంటుంది, నీళ్లు మాత్రం రావు. గది 60 డిగ్రీల లోపుకి పడినా అలాగే కావచ్చు. మెషీన్ లాగిన నీటిని తాగడానికి, వంటకి, దేవుడి దగ్గర పెట్టడానికి వాడకండి. పూలమొక్కలకు పోసుకోవచ్చు, కూరగాయ మొక్కలకు వద్దు.

సాంబ్రాణి, కర్పూరం, ఎయిర్ ఫ్రెషనర్ వాసనని కప్పుతాయి అంతే, ఆస్తమా ఉన్నవాళ్లకి పొగ ఇంకా ఇబ్బంది. ఎయిర్ ప్యూరిఫైయర్ దుమ్ము పడుతుంది, తేమని ముట్టదు. తేమ పీల్చే ఉప్పు డబ్బాలు బీరువాకి పనికొస్తాయి, బేస్‌మెంట్‌కి చాలవు.

మీ బేస్‌మెంట్‌లో ఏం పెట్టారో రాయలేదు. మనవాళ్ల ఇళ్లలో నేను చూసేవి చెబుతాను. సూట్‌కేసులు, ఇంటి సామాను అట్టపెట్టెలు, పట్టుచీరల పెట్టె, బియ్యం సంచులు, వేపుళ్ల కోసం రెండో స్టవ్. మొన్నామధ్య ఒక ఇంట్లో చీరల అట్టపెట్టె నేల మీదే ఉంది. పైన మూత తీస్తే అంతా బాగుంది, చీరలు పొడిగా, కలరా ఉండల వాసనతో ఉన్నాయి. ఎత్తి చూస్తే అట్ట అడుగు మెత్తబడి నేలకు అతుక్కుని వచ్చింది, అన్నిటికంటే కింద ఉన్న చీర మడత పొడవునా బూడిద రంగు నూగు. కాంక్రీట్ పైకి పొడిగా ఉన్నట్టే ఉంటుంది, మీద ఏదైనా పెట్టి మూయగానే ఆ కింద తేమ చేరుతుంది. అట్టపెట్టెలన్నీ తీసేసి మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చండి, వాటిని కూడా ఇనప అరల మీద, నేలకి నాలుగంగుళాలు ఎత్తున, గోడకి ఎడంగా పెట్టండి. పట్టుచీరలు పైన బెడ్‌రూమ్ అల్మారాలోకి తీసుకెళ్లండి. బియ్యం సంచులూ అంతే. కింద స్టవ్ ఉంటే పొగగొట్టం బయటికే వెళ్లాలి. బట్టల డ్రయర్ గొట్టం ఊడి లోపలికి ఊదుతోందేమో కూడా చూడండి, పాత ఇళ్లలో మామూలుగా కనిపించే తప్పిది. ఒక్క వాయి బట్టలు ఆరితే లీటర్ల కొద్దీ ఆవిరి.

అమ్మానాన్నలు వచ్చేలోపు వాళ్ల గదిలో కార్పెట్ ఉంటే ఒక మూల పట్టి ఎత్తి అడుగు వాసన చూడండి. ముక్కిన వాసన వస్తే ఎంత శుభ్రం చేయించినా లాభం లేదు, తీసేయించి ఇప్పటికి ఖాళీ నేల మీద చిన్న రగ్గు వేయండి. గోడ మీద బూజు కనిపిస్తే, అది 10 చదరపు అడుగుల లోపు అయితే మీరే సబ్బునీళ్లతో రుద్ది ఆరబెట్టుకోవచ్చు. ఎన్95 మాస్క్, చేతి తొడుగులు తప్పనిసరి, ఆ సమయంలో నాన్నగారు ఇంట్లో ఉండకూడదు. అంతకంటే ఎక్కువ ఉంటే బూజు తీసే పని తెలిసిన కంపెనీని పిలవండి. అమ్మానాన్నలు వచ్చేనాటికి మంచం పక్క మీటర్ వరుసగా వారం రోజులు 50 దగ్గర చూపించకపోతే నాన్నగారి మంచం పైకి మార్చండి, హాల్లో వేసినా సరే.

ఆ వాటర్‌ప్రూఫింగ్ కంపెనీ విషయం. బయట గట్టర్ చూడకుండా, ఫాయిల్ పరీక్షో మీటరో వాడకుండా, గంటలో కొటేషన్ రాసి ఈరోజే సంతకం పెడితే తగ్గింపు అన్నవాళ్లని నమ్మకండి. లోపలి డ్రెయిన్, సంప్ పంపు మంచి పరిష్కారమే, అవసరమైన ఇంటికి. భూగర్భ జలం ఎత్తుగా ఉండి వాన లేకపోయినా నేల, గోడ కలిసే చోట నీరు ఊరే ఇళ్లకి వేరే దారి లేదు. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే మీది అలా అనిపించడం లేదు, కానీ పరీక్ష చెప్పాలి. తవ్వాల్సి వస్తే మూడు కొటేషన్లు తీసుకోండి, న్యూజెర్సీలో హోమ్ ఇంప్రూవ్‌మెంట్ కాంట్రాక్టర్‌గా రిజిస్టర్ అయ్యారో లేదో చూడండి, పంపుకి బ్యాటరీ బ్యాకప్ అడగండి. 2021 సెప్టెంబర్ 1న ఐడా తుఫాను నాటి వాన ఇక్కడున్న ఎవరూ మర్చిపోలేరు. మామూలు ఇంటి ఇన్సూరెన్స్ వరద నీటికి డబ్బివ్వదు, సంప్ వెనక్కి పొంగితే రావాలన్నా విడిగా రైడర్ (పాలసీకి జోడించే అదనపు కవరేజీ) తీసుకోవాలి. మీ ఏజెంట్‌కి ఫోన్ చేసి అది ఉందో లేదో కనుక్కోండి.

రెండు ఫాయిల్ పరీక్షలూ అయ్యాక ఏ ముక్కకి ఏ వైపు తడి వచ్చిందో, క్రాల్ స్పేస్ దూలాల్లో మీటర్ ఎంత చూపిందో ఇక్కడే రాయండి. ఆ మూల బయటి గొట్టం ఫొటో కూడా పెట్టండి. వాటిని బట్టి డ్రెయిన్ కావాలో వద్దో చెబుతాను.